తెర మీద టెన్నిస్ – తెర వెనుక పాఠం

వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని హాస్టల్ తమ్ముళ్ళు అడిగినప్పుడు, పూర్వ విద్యార్థులమైన మేము నలుగురం కూర్చుని ఈ విషయం ఎంచుకున్నాం. టెన్నిస్ మన ఆట కాదు కదా, దాని గురించి ఎందుకు అని మీకు అనిపించవచ్చు. నిజమే. గోదావరి జిల్లాల్లో మనం పుట్టి పెరిగిన పేటల్లో కబడ్డీ ఉంది, వాలీబాల్ ఉంది, కోతలైన చేలల్లో క్రికెట్ ఉంది. టెన్నిస్ కోర్టు మాత్రం పట్టణంలో ఆఫీసర్ల క్లబ్బు ప్రహరీగోడ లోపలే ఉండేది. ఆ గోడ దాటి టెన్నిస్ మన దాకా వచ్చింది ఒక్క టి.వి. వల్లనే.

అందుకే ఈ వ్యాసంలో ఆట గురించి కొంచెమే చెప్పి, ఆట మన టి.వి.లోకి వచ్చే దారి గురించి ఎక్కువ చెప్పదలచుకున్నాం. తెర మీద కనిపించే ప్రతిదీ ఎవరో ఒకరు ఏరి చూపించినదే. ఎవరు ఏరుతున్నారు, ఎందుకు ఏరుతున్నారు అన్నది తెలిసినవాడు చూస్తూ నేర్చుకుంటాడు. తెలియనివాడు చూపించినంత మేరకు చూసి లేచిపోతాడు. ఈ తేడా ఒక్క టెన్నిస్‌కే కాదు, వార్తలకూ ఎన్నికలకూ సినిమాలకూ వర్తిస్తుంది.

1. నాలుగు పోటీలు, మన గడియారం

ప్రపంచంలో ఏడాదికి నాలుగు పెద్ద టెన్నిస్ పోటీలు జరుగుతాయి. వీటిని గ్రాండ్‌స్లామ్ పోటీలు అంటారు. సంక్రాంతి సెలవులు అయిపోయి మనం పెట్టె సర్దుకుని హాస్టల్‌కు తిరిగి వచ్చే రోజుల్లో ఆస్ట్రేలియన్ ఓపెన్. మామిడిపళ్ళ కాలంలో, మే నెలాఖరున ఫ్రెంచ్ ఓపెన్. కాలువలకు నీరొచ్చి నాట్లు పడే వేళకు లండన్‌లో వింబుల్డన్. గోదావరికి వరదలొచ్చే ఆగస్టు చివరిలో అమెరికాలో యు.ఎస్. ఓపెన్.

ఇవన్నీ మనకు ఏ వేళకు కనిపిస్తాయో తెలియాలంటే భూగోళం పాఠం గుర్తు చేసుకోవాలి. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. మన దేశపు ప్రామాణిక కాలానికి ఆధారం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం. అది మన కాకినాడకు దగ్గరగానే వెళుతుంది. దాన్ని బట్టి లెక్క వేస్తే ఇలా వస్తుంది:

మెల్‌బోర్న్: జనవరిలో మనకంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. అక్కడ ఉదయం 11 గంటలకు ఆట మొదలైతే మనకు ఉదయం 5.30.

పారిస్: వేసవిలో మనకంటే 3 గంటల 30 నిమిషాలు వెనుక. అక్కడ ఉదయం 11 అంటే మనకు మధ్యాహ్నం 2.30.

లండన్: వేసవిలో 4 గంటల 30 నిమిషాలు వెనుక. అక్కడ మధ్యాహ్నం 1.30 అంటే మనకు సాయంత్రం 6.

న్యూయార్క్: ఆగస్టులో 9 గంటల 30 నిమిషాలు వెనుక. అక్కడ రాత్రి 7 గంటల ఆట మనకు మర్నాడు తెల్లవారుజామున 4.30.

గమనించారా? ఆస్ట్రేలియా ఆట మన పొద్దుటి చదువు వేళకు, వింబుల్డన్ మన సాయంత్రం స్టడీ అవర్‌కు, అమెరికా ఆట మన నిద్ర వేళకు వస్తాయి. సెలవుల్లో వచ్చే ఫ్రెంచ్ ఓపెన్‌కు మనం హాస్టల్‌లోనే ఉండం. వార్డెన్ గారు వద్దన్నా కాదన్నా, టెన్నిస్ పూర్తిగా చూడగలిగే వేళ హాస్టల్ పిల్లలకు తక్కువ. కాబట్టి ఉన్న కొద్ది సమయంలో ఏం చూడాలో తెలుసుకుని చూడాలి.

2. లెక్క తెలిస్తే సగం ఆట తెలిసినట్టే

మన పిల్లలు టెన్నిస్ వస్తే ఛానెల్ తిప్పేయడానికి మొదటి కారణం ఆ పాయింట్ల లెక్క. అది చాలా తేలిక. సున్నాను 'లవ్' అంటారు. మొదటి పాయింటుకు 15, రెండోదానికి 30, మూడోదానికి 40. నాలుగోది గెలిస్తే ఒక 'గేమ్'. ఇద్దరూ 40 దగ్గర సమానమైతే 'డ్యూస్'. అక్కడినుంచి వరసగా రెండు పాయింట్లు గెలిచినవారిదే గేమ్. కనీసం రెండు గేమ్‌ల తేడాతో 6 గేమ్‌లు గెలిస్తే ఒక 'సెట్'. 6–6 అయితే 'టై బ్రేక్'. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో ఆడవాళ్ళకు మూడు సెట్లలో రెండు, మగవాళ్ళకు అయిదు సెట్లలో మూడు గెలవాలి.

ఉదాహరణకు 2005 జనవరిలో మెల్‌బోర్న్‌లో మన హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా మూడో రౌండ్‌లో సెరీనా విలియమ్స్ చేతిలో 6–1, 6–4తో ఓడిపోయింది. ఆ అంకెలను వాక్యంలాగా చదవండి. మొదటి సెట్‌లో ఆమెకు దక్కింది ఒక్క గేమ్. రెండో సెట్‌లో నాలుగు. అంటే ఎదురుగా ఎవరున్నారో చూసి మొదట తడబడినా, తరువాత నిలదొక్కుకుంది. ఓడిన స్కోరులో కూడా కథ ఉంటుంది. ఆ ఏడాది ఆ పోటీ మొత్తాన్ని గెలిచింది సెరీనాయే.

3. కోర్టు దగ్గర ఏం జరుగుతుంది?

మన వాలీబాల్ కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. టెన్నిస్ కోర్టు పొడవు 23.77 మీటర్లు, సింగిల్స్ వెడల్పు 8.23 మీటర్లు. అంటే మన కోర్టుకంటే కొంచెం సన్నం, బాగా పొడవు. బంతి ఆ పొడవు వెంబడి పోతుంది. పక్కనుంచి చూపిస్తే చూసేవాడి మెడ, కెమెరా మెడ రెండూ అటూ ఇటూ తిరగవలసి వస్తుంది. అందుకే ప్రధాన కెమెరాను ఒక చివర, ఆటగాడి వెనుక, ఎత్తులో పెడతారు. కోర్టు అంతా ఒక్క చూపులో పడుతుంది.

కానీ దీనికొక లోపం ఉంది. ఎత్తునుంచి చూస్తే బంతి వేగం, ఎత్తు తక్కువగా కనిపిస్తాయి. గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వచ్చే సర్వీసును లెక్క కట్టి చూడండి. సెకనుకు దాదాపు 55.5 మీటర్లు. గాలికీ నేలకూ వేగం తగ్గకపోతే 23.77 మీటర్లు దాటడానికి 0.43 సెకను. తగ్గినా అర సెకను పైచిలుకే. ఆ లోపల బంతి ఎటు వస్తుందో కనిపెట్టి, అడుగు వేసి, రాకెట్ తిప్పాలి. టి.వి.లో తీరికగా కనిపించేది కోర్టులో రెప్పపాటు. అందుకనే కింద, నేల మట్టంలో ఇంకొన్ని కెమెరాలు పెట్టి, నెమ్మదిగా తిప్పి రెండోసారి చూపిస్తారు.

ఈ కెమెరాల దృశ్యాలన్నీ స్టేడియం పక్కన ఉండే ప్రసార వాహనానికో గదికో చేరతాయి. దాన్ని ఓ.బి. వ్యాన్ అంటారు. అందులో గోడ నిండా చిన్న చిన్న తెరలు. వాటి ముందు డైరెక్టర్ కూర్చుని, ఈ క్షణంలో ఏ కెమెరా బొమ్మ బయటకు పోవాలో చెబుతుంటారు. ఒకరు ఆ మాట ప్రకారం మీట నొక్కుతారు. ఒకరు రీప్లే సిద్ధం చేస్తారు. ఒకరు స్కోరు, పేరు తెర మీదకు ఎక్కిస్తారు. ఒకరు బంతి చప్పుడు, జనం చప్పట్లు సరిచూస్తారు. పాయింటుకూ పాయింటుకూ మధ్య దాదాపు 25 సెకన్లు ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ఆటగాడి ముఖం చూపించాలా, అతని తల్లిని చూపించాలా, గ్యాలరీలోని సినిమా తారను చూపించాలా? మనకు ఎవరి మీద అభిమానం పుడుతుందో ఆ 25 సెకన్లలోనే సగం తేలిపోతుంది.

4. మెల్‌బోర్న్ నుంచి మన హాలు దాకా

పోటీ జరిగే చోట ఒకే సంస్థ దృశ్యాలు తీసి ప్రపంచమంతటికీ పంపుతుంది. వింబుల్డన్‌కు చాలాకాలం బి.బి.సి. ఈ పని చేసింది. 2018 నుంచి వింబుల్డన్ నిర్వాహకులే సొంతంగా ఆ ఏర్పాటు చేసుకున్నారు. మిగతా దేశాల ఛానెళ్ళు హక్కులు కొనుక్కుని, ఆ దృశ్యాలకు తమ వ్యాఖ్యానం, తమ స్టూడియో, తమ ప్రకటనలు చేర్చి వేసుకుంటాయి.

చాలాకాలం ఈ రవాణా ఉపగ్రహం ద్వారానే జరిగింది. ఇప్పుడు సముద్రం అడుగున వేసిన కేబుళ్ళు కూడా వాడుతున్నారు. భూస్థిర ఉపగ్రహం ఎత్తు దాదాపు 36,000 కిలోమీటర్లు. సంకేతం పైకి 36,000, కిందికి 36,000, మొత్తం 72,000 కిలోమీటర్లు పోవాలి. కాంతి వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు కనుక పావు సెకను పడుతుంది. ఛానెల్‌కు ఒకసారి, మన కేబుల్ ఆపరేటరుకో ఇంటి డిష్‌కో ఇంకోసారి, అంటే అర సెకను. మధ్యలో యంత్రాలు చేసే పనికి మరికొన్ని సెకన్లు. కాబట్టి 'ప్రత్యక్ష ప్రసారం' అని తెర మూల రాసి ఉన్నా, మనం చూసేది కొద్ది క్షణాల కిందటి మాట.

5. స్టూడియోలో కూర్చున్నవాళ్ళ పని

ఆట మొదలుకాకముందు, విరామాల్లో, ముగిసిన తరువాత కనిపించే బల్ల, కుర్చీలు, వెనుక రంగుల గోడ, అదే స్టూడియో. అక్కడ సాధారణంగా ఒక నిర్వాహకుడు లేదా నిర్వాహకురాలు, పక్కన ఒకరిద్దరు పాత ఆటగాళ్ళు ఉంటారు. నిర్వాహకుడి పని తెలిసినట్టు మాట్లాడటం కాదు, తెలిసినవాడి చేత మాట్లాడించడం. చూసేవాడి మనసులో ఉన్న ప్రశ్న తాను అడగాలి. పాత ఆటగాడి పని తీర్పు చెప్పడం కాదు, కారణం చెప్పడం. 'బాగా ఆడింది' అంటే ఎవరైనా అంటారు. 'ఎదుటివారి రెండో సర్వీసు మెల్లగా వస్తోంది కాబట్టి ఈమె రెండడుగులు ముందుకు జరిగి నిలబడుతోంది' అంటే అది విశ్లేషణ.

వాళ్ళ చెవిలో చిన్న యంత్రం ఉంటుంది. మన వైపు చూసి నవ్వుతూ మాట్లాడుతున్నప్పుడే, 'ఇంకా పది సెకన్లు, ప్రకటనకు వెళ్ళండి' అని ఒక గొంతు ఆ చెవిలో చెబుతూనే ఉంటుంది. ఒక మాట వింటూ మరో మాట తప్పు లేకుండా చెప్పడం సాధనతో వచ్చే విద్య.

వాళ్ళకు అసలు పరీక్ష వాన. వింబుల్డన్ సెంటర్ కోర్టుకు 2009లో గాని కదిలే పైకప్పు రాలేదు. అంతకుముందు వానొస్తే ఆట ఆగేది, ప్రసారం మాత్రం ఆగేది కాదు. గంటల తరబడి పాత మ్యాచ్‌లు వేస్తూ, కబుర్లు చెబుతూ, చూసేవాణ్ణి కూర్చోబెట్టాలి. చదివి సిద్ధమై వచ్చినవాడు ఆ వేళ నిలబడతాడు. పరీక్ష హాలులో రాని ప్రశ్న వచ్చినప్పుడు మన స్థితి కూడా ఇంతే.

ఇక డబ్బు సంగతి. టెన్నిస్‌లో ఆటగాళ్ళు వైపులు మారేటప్పుడు 90 సెకన్లు, సెట్ ముగిస్తే 120 సెకన్లు విరామం ఉంటుంది. వాళ్ళు నీళ్ళు తాగే ఆ వేళలోనే మనకు సబ్బులు, కార్లు అమ్ముతారు. ఆ ప్రకటనల డబ్బే హక్కులు కొన్న ఛానెల్‌కు ఒక ముఖ్యమైన ఆధారం.

మన దేశం నుంచి ఈ విద్యలో పేరు తెచ్చుకున్నవారు విజయ్ అమృతరాజ్. మద్రాసుకు చెందిన ఆయన 1973లోనూ 1981లోనూ వింబుల్డన్ క్వార్టర్ ఫైనల్ దాకా ఆడారు. ఆట మానిన తరువాత టి.వి. వ్యాఖ్యాతగా ఏళ్ళ తరబడి మనవాళ్ళకు వింబుల్డన్‌ను వివరించారు. ఆడినవాడు చెబితే మాటకు ఎంత బరువు వస్తుందో ఆయన వ్యాఖ్యానంలో తెలిసేది.

6. ఏది చూపిస్తారు, ఏది చూపించరు?

ఇప్పుడు అసలు పాఠానికి వచ్చాం. ఒక చిన్న లెక్క చేద్దాం.

సింగిల్స్‌లో 128 మంది ఆడతారు. ఒక్కో మ్యాచ్‌లో ఒకరు ఇంటికి పోతారు. చివరికి ఒక్కరే మిగలాలంటే 127 మ్యాచ్‌లు జరగాలి. ఆడవాళ్ళవి, మగవాళ్ళవి కలిపి 254. ఒకే ఛానెల్ రోజుకు 12 గంటల చొప్పున 14 రోజులు చూపించిందనుకుంటే 168 గంటలు. మ్యాచ్‌కు 2 గంటలు వేసుకున్నా పట్టేది 84 మ్యాచ్‌లే. మిగతా 170 ఆ తెర మీద కనిపించవు. అంటే మూడింట రెండు వంతుల ఆట మనకు తెలియకుండానే ముగిసిపోతుంది. డబుల్స్‌ను ఈ లెక్కలో కలపనేలేదు.

మరి ఆ 84 ఎవరివి? పేరున్నవారివి, ఆ దేశపు జనం చూస్తారనుకున్నవారివి. 2005కు ముందు మన తెలుగు ఇళ్ళలో గ్రాండ్‌స్లామ్ మూడో రౌండ్ మ్యాచ్ కోసం ఎదురుచూసినవాళ్ళు ఎంతమంది? ఆ జనవరిలో ఎదురుచూశారు. కారణం, వైల్డ్‌కార్డ్ మీద ప్రవేశం పొందిన 18 ఏళ్ళ సానియా గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో మూడో రౌండ్ చేరిన మొదటి భారతీయ మహిళ కావడం. మరుసటి నెల, ఫిబ్రవరి 12న, హైదరాబాద్‌లోనే జరిగిన పోటీ ఫైనల్లో ఉక్రెయిన్ క్రీడాకారిణి అల్యోనా బొండరెంకోను 6–4, 5–7, 6–3తో ఓడించి, డబ్ల్యు.టి.ఎ. సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయ మహిళ అయింది. ఆ సెప్టెంబరులో యు.ఎస్. ఓపెన్ నాలుగో రౌండ్ చేరింది. అంతకు ఒకటి రెండేళ్ళ ముందే మొదలైన తెలుగు వార్తా ఛానెళ్ళకు ఆమె రోజూ వార్త.

ఐతే వార్తల్లో ఏం చూపించారు? ఆమె ఫోర్‌హ్యాండ్ ఎంత బలంగా ఉంటుందో చెప్పినదానికంటే ఆమె స్కర్టు ఎంత పొడవుండాలన్న వాదన ఎక్కువ చూపించిన రోజులున్నాయి. 2016లో, మహిళల డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్‌గా ఉన్నప్పుడు, ఒక జాతీయ టి.వి. ఇంటర్వ్యూలో ఆమెను సంసారంలో ఎప్పుడు స్థిరపడతారు, తల్లి ఎప్పుడవుతారు అన్న ధోరణిలో అడిగారు. ప్రపంచంలో మొదటి స్థానంలో ఉండటం స్థిరపడటం కాదా అన్న అర్థం వచ్చేలా ఆమె నిలదీసింది. అడిగినాయన మగవాడినైతే ఈ ప్రశ్న అడిగేవాణ్ణి కానని ఒప్పుకుని అక్కడే క్షమాపణ చెప్పారు. ముఖ్యంగా మన బాలికల హాస్టల్ చెల్లెళ్ళు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి. స్టూడియోలో కుర్చీ ఇచ్చినంత మాత్రాన గౌరవం ఇచ్చినట్టు కాదు. ఏ ప్రశ్న అడుగుతున్నారో చూడాలి. తప్పు ప్రశ్నకు తలవంచుకుని జవాబు చెప్పనక్కరలేదు.

7. టి.వి. ఆటనే మార్చింది

కెమెరా కేవలం చూసి ఊరుకోలేదు. ఒకప్పుడు టెన్నిస్ బంతి తెల్లగా ఉండేది. టి.వి.లో సరిగా కనిపించడం లేదని 1972లో అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య పసుపు బంతిని నిబంధనల్లోకి తెచ్చింది. వింబుల్డన్ మాత్రం 1986 దాకా తెల్ల బంతిని వదల్లేదు. సెట్ ఎంతకీ తెమలకుండా సాగిపోకుండా 1970లో యు.ఎస్. ఓపెన్ టై బ్రేక్ పెట్టింది. ప్రసార సమయం లెక్కలకూ అది కలిసివచ్చింది.

ఇంకో పెద్ద మార్పు 2004 యు.ఎస్. ఓపెన్ క్వార్టర్ ఫైనల్ తరువాత ఊపందుకుంది. సెరీనా విలియమ్స్, జెన్నిఫర్ కాప్రియాటీ ఆడిన ఆ మ్యాచ్‌లో గీత లోపల పడిన బంతులను బయట పడ్డాయని సెరీనాకు వ్యతిరేకంగా ప్రకటించారు. టి.వి. రీప్లేలో లోకమంతా చూసింది. కోర్టులో మాత్రం తీర్పు మారలేదు, సెరీనా ఓడిపోయింది. ఇంట్లో కూర్చున్నవాడికి తెలిసిన నిజం అంపైరుకు తెలియకపోతే ఎలా అన్న ప్రశ్న గట్టిగా వచ్చింది. 2006లో, కెమెరాలతో బంతి దారిని లెక్కగట్టే హాక్‌ఐ సాయంతో ఆటగాళ్ళు తీర్పును సవాలు చేసే పద్ధతి మొదలైంది. ఆ ఏడాదే యు.ఎస్. ఓపెన్‌లో ప్రవేశపెట్టారు. 2025లో వింబుల్డన్ గీతల దగ్గర నిలబడే మనుషులను పూర్తిగా తీసేసి యంత్రాలకే అప్పగించింది. ఫ్రెంచ్ ఓపెన్‌లో మట్టి కోర్టు మీద బంతి ముద్ర పడుతుంది కనుక 2025లో కూడా అక్కడ మనుషులే చూశారు.

ఇందులో మనకొక నీతి ఉంది. అన్యాయం నలుగురి కళ్ళా పడితేనే నియమం మారుతుంది. కనపడని అన్యాయం అలాగే ఉండిపోతుంది.

8. ఏ భాషలో, ఎంత ఖర్చుకు?

మా రోజుల్లో హాస్టల్‌లో ఒకటే టి.వి. దూరదర్శన్‌లో వచ్చినదే మన ఆట. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో లియాండర్ పేస్ టెన్నిస్‌లో కాంస్యం గెలిస్తే మనబోటివాళ్ళకు అందింది దూరదర్శన్ ద్వారానే. పెద్ద పోటీలు డబ్బు కట్టే ఛానెళ్ళకు పోయాక పేదవాడికి ఆట దూరమవుతుందని, 2007లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం జాతీయ ప్రాముఖ్యం ఉన్నవని కేంద్రం ప్రకటించిన క్రీడల ప్రత్యక్ష ప్రసారాన్ని హక్కులు కొన్న ఛానెల్ ప్రసార భారతితో పంచుకోవాలి. ఒలింపిక్స్, ఆసియా క్రీడలు ఆ జాబితాలోవే. అలా వచ్చిన ప్రసారాన్ని దూరదర్శన్ తన సొంత టవర్ల ద్వారా, నెలసరి రుసుము లేని ఫ్రీ డిష్ ద్వారా మాత్రమే ఇవ్వాలని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి కేబుల్ కట్టలేని ఇంటికి ఫ్రీ డిష్ డబ్బా ఎందుకు ముఖ్యమో అర్థం చేసుకోండి.

డబ్బు తరువాత గోడ భాష. సానియా హైదరాబాద్‌లో పెరిగిన అమ్మాయి. ఐనా ఆమె పెద్ద మ్యాచ్‌లను తెలుగువాళ్ళు విన్నది ఇంగ్లీషు వ్యాఖ్యానంలో. మనవాళ్ళలో చాలామంది చప్పట్ల శబ్దాన్ని బట్టి ఎవరు గెలిచారో గ్రహించేవారు. ఈ పరిస్థితి ఆలస్యంగానైనా కొంత మారింది. 2018లో స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానెల్, 2021లో తమిళం, తెలుగు కోసం సోనీ టెన్ 4 వచ్చాయి. ఆ తరువాత కొన్ని గ్రాండ్‌స్లామ్ పోటీలకు తెలుగు వ్యాఖ్యానం కూడా వినిపించింది. 2023 ఫిబ్రవరిలో ఆట మానిన సానియా, ఆరు గ్రాండ్‌స్లామ్ డబుల్స్ టైటిళ్ళ అనుభవంతో టి.వి.లో విశ్లేషకురాలి కుర్చీలో కూర్చున్నారు. టెన్నిస్‌ను తెలుగులో చెప్పడానికి మాటలు చాలవని ఎవరైనా అంటే నమ్మకండి. కబడ్డీని పల్లె తిరునాళ్ళలో మైకు పట్టుకుని గంటల తరబడి రక్తి కట్టించి చెప్పేవాళ్ళు మన కోనసీమలో ఊరికొకరున్నారు. ఆ నాలుకకు టెన్నిస్ పెద్ద పనేమీ కాదు.

9. చూసినవాళ్ళు ఏం చేశారు?

సెరీనా తండ్రి రిచర్డ్ విలియమ్స్ నల్లజాతి శ్రామిక కుటుంబంలో పుట్టినవాడు. రుమేనియా క్రీడాకారిణి వర్జీనియా రుజిచి టెన్నిస్ పోటీ గెలిచి పెద్ద చెక్కు అందుకోవడం టి.వి.లో చూసి, తనకు పుట్టబోయే ఆడపిల్లలను టెన్నిస్ క్రీడాకారిణులను చేయాలనుకున్నానని ఆయనే చెప్పుకున్నాడు. అప్పటికి వీనస్, సెరీనా పుట్టనేలేదు. ఆయన ముందు తాను నేర్చుకుని, కాంప్టన్ అనే పేద బస్తీ పట్టణంలోని ప్రభుత్వ కోర్టుల మీద కూతుళ్ళకు నేర్పాడు. లక్షలమంది అదే దృశ్యం చూసి ఊరుకున్నారు. ఆయన ఊరుకోలేదు.

యు.ఎస్. ఓపెన్ ప్రధాన స్టేడియం పేరు ఆర్థర్ యాష్. ఏటా టి.వి.లో ఆ పేరు వందలసార్లు వినిపిస్తుంది. ఆయన ఎవరో మాత్రం ప్రతిసారీ చెప్పరు. నల్లవారిని తెల్లవారి కోర్టుల్లోకి రానివ్వని రిచ్‌మండ్ నగరంలో, నల్లవారి ఆటస్థలానికి కాపలాదారుగా ఉన్న తండ్రి కొడుకు ఆయన. 1968లో యు.ఎస్. ఓపెన్, 1975లో వింబుల్డన్ గెలిచాడు. ఊరి బయట బావి, హోటల్లో వేరే గ్లాసు గురించి పెద్దల నోట విన్న మనకు ఆ కోర్టు తలుపు సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. తెర మీద ఒక పేరు వినిపిస్తే దాని వెనుక కథ వెతకండి. అందులో మన కథ కూడా ఉండవచ్చు.

10. మీరే చేసి చూడండి

(1) టి.వి. శబ్దం తీసేసి అయిదు నిమిషాలు ఒక ఆట చూడండి. ఒకరు లేచి తెలుగులో వ్యాఖ్యానం చెప్పండి. ఏ మాటకు తడుముకున్నారో నోటు పుస్తకంలో రాసుకుని, దానికి తెలుగు మాట కూడబలుక్కుని తయారుచేయండి.

(2) ఒక గేమ్ జరుగుతున్నంతసేపు కెమెరా ఎవరి ముఖం ఎన్నిసార్లు చూపించిందో గీతలు పెట్టి లెక్కించండి. ఎందుకలా అని చర్చించండి.

(3) 16 మందితో హాస్టల్‌లో కేరమ్ పోటీ పెడితే మొత్తం ఎన్ని ఆటలు జరగాలి? 128 మంది లెక్కతో పోల్చి కారణం చెప్పండి.

(4) ఒక తమ్ముణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, మొన్నటి వాలీబాల్ మ్యాచ్ మీద అయిదు ప్రశ్నలు అడగండి. అవును, కాదు అని తేల్చేసే ప్రశ్న ఒక్కటీ ఉండకూడదు.

చివరిగా ఒక మాట. ఒక్క మ్యాచ్ మన దాకా రావాలంటే ఆడే ఇద్దరి వెనుక కెమెరా పట్టేవారు, శబ్దం చూసేవారు, ఎడిటర్లు, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్లు, స్కోరు రాసేవారు, వ్యాఖ్యాతలు ఎంతోమంది ఉండాలి. పదో తరగతి తరువాత పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్, డిగ్రీ తరువాత జర్నలిజం, పుణె ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో టి.వి. కోర్సులు, ఇవన్నీ ఆ గదికి దారులే. ప్రభుత్వ సంస్థల్లో మనకు రిజర్వేషన్ కూడా ఉంది. మన పేటల నుంచి టెన్నిస్ ఆడే పిల్ల వస్తే సంతోషం. ఆ పిల్ల ఆటను ఏ కోణంలో చూపించాలో నిర్ణయించే కుర్చీలో మన హాస్టల్ పిల్లవాడు కూర్చుంటే, దాన్ని తెలుగులో చెప్పే గొంతు మన హాస్టల్ అమ్మాయిదైతే, ఆ సంతోషం రెండింతలు. ఇకమీదట హాలులో టి.వి. ముందు కూర్చున్నప్పుడు, ఎవరు గెలిచారన్నదానితో పాటు ఎవరు చూపిస్తున్నారన్నది కూడా అడగండి.